రెఫరీ లేని పూల్ లీగ్‌లో ప్రత్యర్థి ఆడుతుండగా ఫోన్ చూడటం: మర్యాద సమస్యా, నియమ సమస్యా?

పూల్‌మిత్ర (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేము ఎయిట్ బాల్ (క్యూ కర్రతో తెల్లబంతిని కొట్టి, తమ గుంపు బంతులనూ చివరికి ఎనిమిదో బంతినీ పాకెట్లలో వేసే పూల్ ఆట) జట్టు లీగ్‌లో ఆడుతున్నాం. ఈ సీజన్ నుంచి కెప్టెన్ బాధ్యత నేను తీసుకున్నాను. మా లీగ్‌లో రెఫరీలు ఉండరు. ఆడే ఇద్దరూ, స్కోరు రాసే ఇద్దరూ కలిసి మ్యాచ్‌ను నడుపుకోవాలి. ఈ మధ్య ఫోన్ల విషయమై వాదనలు బాగా పెరిగాయి. జట్టుకు ఏదైనా చెప్పే ముందు అనుభవమున్నవారి అభిప్రాయం తెలుసుకోవాలని ఇక్కడ రాస్తున్నాను.

మొన్నటి మ్యాచ్‌లో మా ఆటగాడి బంతీ, ప్రత్యర్థి బంతీ దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. తెల్లబంతి ముందుగా దేనికి తగులుతుందో చెప్పడం కష్టమైన షాట్ అది (ప్రత్యర్థి బంతికి ముందు తగిలితే ఫౌల్, అంటే నియమం తప్పినట్టు). అందుకే మా ఆటగాడు షాట్‌కు వంగక ముందే, తన వంతు కోసం కుర్చీలో కూర్చుని ఉన్న ప్రత్యర్థితో "ఇది దగ్గర షాట్, కాస్త వచ్చి చూడండి" అన్నాడు. ఆయన ఫోన్‌లో ఏదో టైప్ చేస్తూ, తల ఎత్తకుండానే "పర్వాలేదు, ఆడండి" అన్నారు. షాట్ అయిన వెంటనే వారి జట్టులోని మరొకరు వెనక నుంచి "ఫౌల్" అన్నారు. తన బంతికే ముందు తగిలిందని మా ఆటగాడు గట్టిగా చెప్పాడు. నిజానికి దగ్గరుండి చూసినవారు ఎవరూ లేరు. చాలాసేపు వాదించుకున్నాక ఆడినవారి మాటే నిలబడింది కానీ, ఆ తర్వాత రెండు జట్లూ ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోలేదు.

అదే రోజు ఇంకొక మ్యాచ్‌లో, ఆటగాడు క్యూ వెనక్కి లాగిన క్షణంలో పక్కన ఎవరిదో ఫోన్ మోగింది, షాట్ తప్పింది. మళ్లీ ఆడనివ్వాలని ఒకరు, నియమం లేదని మరొకరు పట్టుబట్టారు. వీటికి తోడు మా లీగ్‌లో స్కోరు కూడా ఫోన్‌లోని యాప్‌లోనే నమోదు చేస్తారు. కాబట్టి ఫోన్ పట్టుకున్నవారు స్కోరు వేస్తున్నారో, సందేశాలు చదువుతున్నారో దూరం నుంచి చూసేవారికి తెలియదు.

కుర్చీలో కూర్చున్న ఆటగాడు ఫోన్ చూడటాన్ని కేవలం మర్యాద లోపంగా భావించి వదిలేయాలా, లేక దాన్ని ఆపించే హక్కు ప్రత్యర్థికి ఉందా? ఫోన్ మోగితే ఏం చేయాలి? మీ లీగుల్లో దీన్ని ఎలా నడుపుతున్నారో దయచేసి చెప్పండి.

నల్లబంతి:

పూల్‌మిత్ర గారూ, మీరు దీన్ని ముఖ్యంగా మర్యాదకు సంబంధించిన ప్రశ్నగా అడిగారు. రెఫరీ లేని లీగ్‌లో ఇది అంతకంటే ముందు బాధ్యతకు సంబంధించిన ప్రశ్న అని నా నమ్మకం.

ప్రపంచ స్థాయిలో పూల్ నియమాలను నిర్దేశించే డబ్ల్యూపీఏ (వరల్డ్ పూల్ బిలియర్డ్ అసోసియేషన్) నిబంధనల్లో, రెఫరీ అందుబాటులో లేనప్పుడు షాట్ ఆడని ఆటగాడే రెఫరీ బాధ్యత నిర్వహించాలని ఉంది. ఏదైనా షాట్‌లో తప్పొప్పులు తేల్చడం కష్టమని ఆడేవారికి అనిపిస్తే, కుర్చీలో ఉన్నవారిని జాగ్రత్తగా చూడమని వారు ముందే కోరాలి. కుర్చీలో ఉన్నవారు కూడా, షాట్ ఆడక ముందే, దగ్గరకు వచ్చి చూస్తానని అడగవచ్చు. మీ ఆటగాడు చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. ఎదుటి వ్యక్తి "పర్వాలేదు, ఆడండి" అన్నప్పుడు ఆయన తన మర్యాదను మాత్రమే కాదు, ఆ షాట్‌కు తాను నిర్వహించాల్సిన రెఫరీ పనిని కూడా వదులుకున్నారు. ఆ తర్వాత వెనక నుంచి వచ్చిన "ఫౌల్" అన్న మాటకు బలం ఉండదు. పైగా తెల్లబంతి రెండు బంతులనూ ఒకేసారి తాకినట్టు కనిపించి, ఏది ముందో తేల్చలేకపోతే, ఆడవలసిన బంతినే ముందు తాకినట్టు భావించాలని నియమమే చెబుతోంది. కనుక ఫలితం సరైనదే. వాదన జరగకుండా ఉండాల్సింది, అంతే.

మరొక నియమం గుర్తుంచుకోవాలి. ఫౌల్‌ను తర్వాతి షాట్ మొదలయ్యేలోపు చెప్పకపోతే, ఆ ఫౌల్ జరగనట్టే లెక్క. సందేశం పూర్తిగా చదివి తల ఎత్తేసరికి ప్రత్యర్థి తర్వాతి షాట్ ఆడేసి ఉంటే, "ఇందాక బంతి కుషన్‌కు తగల్లేదు కదా" అని (కుషన్ అంటే టేబుల్ అంచు మెత్త; ఏ బంతీ పాకెట్‌లో పడకపోతే, తాకిడి తర్వాత ఏదో ఒక బంతి దాన్ని తాకాలి) ఎంత నిజం చెప్పినా ప్రయోజనం లేదు. బాల్ ఇన్ హ్యాండ్ (తెల్లబంతిని తనకు నచ్చిన చోట పెట్టి ఆడే హక్కు) రావలసిన చోట అది రాకుండా పోతుంది. ఆ నష్టం ఫోన్ చూసిన ఒక్కరిదే కాదు, జట్టు మొత్తానిది.

మీలో నైన్ బాల్ (తొమ్మిది బంతులతో, ఉన్నవాటిలో చిన్న అంకె బంతిని ముందు తాకుతూ ఆడే పూల్ ఆట) కూడా ఆడేవారుంటే వారికి ఇది మరింత ముఖ్యం. బ్రేక్ (మొదటి షాట్) తర్వాత పుష్ అవుట్ (ఏ బంతినీ, కుషన్‌నూ తాకనవసరం లేని షాట్) ఆడదలచినవారు ఆ విషయం ముందుగా చెప్పాలి. కుర్చీలో ఉన్నవారు ఆ మాట వినకపోతే, అది పుష్ అవుటా, ఫౌలా అన్న గొడవ తప్పదు. వరుసగా మూడు ఫౌళ్లు చేస్తే ర్యాక్ (మ్యాచ్‌లోని ఒక ఆట) కోల్పోయే నియమం కూడా ఉంది. రెండు ఫౌళ్ల మీద ఉన్న ఆటగాడు టేబుల్ దగ్గరకు వచ్చినప్పుడు ఆ సంగతి అతనికి చెప్పాలి. చెప్పకపోతే అతను మళ్లీ ఫౌల్ చేసినా దాన్ని రెండోదిగానే లెక్కిస్తారు. రెఫరీ లేనిచోట ఆ హెచ్చరిక చేయాల్సింది ఎవరు? కుర్చీలో ఉన్న ఆటగాడే. ఎన్ని ఫౌళ్లు జరిగాయో చూడని వ్యక్తి ఏమని హెచ్చరిస్తాడు?

ఇక ఫోన్ మోగడం. ప్రత్యర్థి దృష్టి మరల్చడాన్ని క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన ప్రవర్తనగా నియమాలు పేర్కొంటాయి. కానీ ఆ నియమం ఉద్దేశపూర్వకంగా చేసే పనుల గురించి. అనుకోకుండా మోగిన ఫోన్‌కు, మీ లీగ్ ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, వెంటనే ఫౌల్ ఇవ్వడం కుదరదు. రెండోసారి, మూడోసారి కూడా మోగుతుంటే దాన్ని అనుకోకుండా జరిగిందనడం కష్టం.

వారాంతపు ఆటగాడు:

నల్లబంతి గారు చెప్పిన నియమాలతో నాకు విభేదం లేదు. అయితే ఈ చర్చలో ఫోన్‌ను అవసరానికి మించి దోషిని చేస్తున్నామేమో అనిపిస్తోంది.

ప్రత్యర్థి దృష్టి మరల్చే అలవాటు ఫోన్లతో పుట్టింది కాదు. ఆటగాళ్లు దాన్ని షార్కింగ్ అంటారు. ఎదుటివారు గురి చూస్తున్న పాకెట్ వెనక నిలబడటం, సరిగ్గా క్యూ కదిలే సమయానికి కుర్చీలోంచి లేవడం, చాక్‌ను బల్ల మీద టక్కున పెట్టడం, షాట్ మధ్యలో జట్టువారితో మాట్లాడటం, తప్పిన షాట్ గురించి పదేపదే వ్యాఖ్యానించడం వంటివన్నీ పాతవే. వీటితో పోలిస్తే, స్క్రీన్ వెలుతురు బాగా తగ్గించుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని, కదలకుండా ఫోన్ చూస్తున్న మనిషి ఆటగాడికి కలిగించే ఇబ్బంది చాలా తక్కువ. ఫోన్ దాచేసి నిమిషానికోసారి కుర్చీ జరిపేవారితో నేను ఎక్కువ ఇబ్బంది పడ్డాను.

రెండో సంగతి, లీగ్ ఆటగాళ్లలో చాలామంది పగలంతా పనిచేసి సాయంత్రం ఆటకు వచ్చేవారు. ఇంట్లో చిన్నపిల్లలను వదిలి వచ్చేవారుంటారు, ఏ క్షణంలోనైనా విధికి పిలుపు రాగల వైద్యులుంటారు. లీగ్ రాత్రిని పరీక్ష హాలులా మార్చి, ఫోన్ తాకితే తప్పు అంటే, అలాంటివారు మెల్లగా ఆటకు దూరమవుతారు. వారు వెళ్లిపోతే జట్లే మిగలవు. ఆందోళన పడే ఆటగాళ్ల గురించి కూడా ఆలోచించాలి. ప్రత్యర్థి వరుసగా బంతులు వేస్తుంటే కళ్లప్పగించి చూస్తూ కూర్చోవడం కొందరికి భరించలేని ఒత్తిడి. కాసేపు చూపు మరల్చుకుంటేనే వారు తమ వంతు వచ్చేసరికి కుదురుగా ఆడగలరు.

కాబట్టి నా అభిప్రాయం ఇది: కుర్చీలో ఫోన్ చూడవచ్చు, కానీ చూడమని అడిగినప్పుడు వెంటనే పక్కన పెట్టి లేచి వెళ్లాలి. ఆడేవారికి కూడా ఒక బాధ్యత ఉంది. షాట్‌కు వంగాక ఏదైనా శబ్దమో కదలికో ఇబ్బంది పెడితే, లేచి నిలబడి, అది సద్దుమణిగాక మళ్లీ మొదటి నుంచి సిద్ధం కావాలి. ఇబ్బందిని తెలిసి తెలిసి ఆడేసి, తప్పాక కారణం చూపడం కూడా మంచి మర్యాద కాదు.

పూల్‌మిత్ర:

ఇద్దరికీ కృతజ్ఞతలు. వారాంతపు ఆటగాడు గారు చెప్పిన వైద్యుల ఉదాహరణ మా జట్టుకూ వర్తిస్తుంది. మా వారిలో ఒకరు అత్యవసర విధుల్లో ఉంటారు, ఆయనను ఫోన్ ఆపేయమని అడగలేను. మరి సులభమైన షాట్లప్పుడు ఫోన్ చూడటానికి అభ్యంతరం లేదనీ, కష్టమైన షాట్లప్పుడు మాత్రమే చూడాలనీ చెబితే సరిపోతుందా?

నల్లబంతి:

సరిపోదని నా అభిప్రాయం. ఏది సులభమైన షాట్ అన్నది ముందే తేలదు, ఫౌళ్లు కష్టమైన షాట్లలో మాత్రమే జరగవు.

కుషన్‌కు దగ్గరగా వంగినప్పుడు చొక్కా చెయ్యి పక్క బంతిని కదిలించవచ్చు. టేబుల్ మీదకు చాచి ఆడేటప్పుడు రెండు పాదాలూ నేలను వదిలేయవచ్చు. తెల్లబంతికీ, ఆడబోయే బంతికీ మధ్య చాక్ ముక్క పట్టేంత దూరం కూడా లేనప్పుడు క్యూ రెండుసార్లు తగలవచ్చు. సేఫ్టీ (బంతి వేయకుండా, ప్రత్యర్థికి కష్టమయ్యేలా ఆడే షాట్) ఆడినప్పుడు తాకిడి తర్వాత ఏ బంతీ కుషన్ చేరకపోవచ్చు. ఇవన్నీ దూరం నుంచి చూసేవారికి మామూలు షాట్లే. వీటిలో ఒక్కదానికీ ఆడేవారు "వచ్చి చూడండి" అని పిలవరు, ఎందుకంటే అలా జరుగుతుందని వారికీ తెలియదు.

రెఫరీ లేని మ్యాచ్‌లలో తెల్లబంతిని తాకితేనే ఫౌల్, మిగతా బంతులు పొరపాటున కదిలితే ఫౌల్ కాదు అనే పద్ధతి చాలా లీగుల్లో ఉంది. అలా కదిలిన బంతిని ఉన్నచోటే వదిలేయాలా, పాత స్థానంలో పెట్టించాలా అని నిర్ణయించే హక్కు ఆడనివారిది. బంతి ముందు ఎక్కడుందో చూడని మనిషి ఆ హక్కును ఎలా వాడుకుంటాడు? ప్రత్యర్థి నిజాయతీపరుడే అయి ఉండవచ్చు. కానీ తాను చూడని దాన్ని ఎదుటివారి మాట మీద ఒప్పుకోవడం తప్ప అతనికి మరో దారి లేకుండా పోతుంది. ఆటగాడు తన నిజాయతీని ప్రతి షాట్‌కూ తానే నిరూపించుకోవాల్సిన పరిస్థితి కల్పించడం కూడా అన్యాయమే. నేను ఫోన్ పక్కన పెట్టమని కోరేది ముఖ్యంగా ఈ కారణంతోనే. నా ప్రత్యర్థి ఎంత శ్రద్ధగా చూస్తే, నా ఆట మీద అనుమానానికి అంత తక్కువ చోటు ఉంటుంది.

ఒత్తిడి గురించి చెప్పిన మాట నిజమే, నేను కాదనను. అలాంటివారు నీళ్లు తాగవచ్చు, క్యూ తుడుచుకోవచ్చు, తెల్లబంతి ఎక్కడ ఆగుతుందో మనసులో ఊహించుకుంటూ ఉండవచ్చు. ఈ చివరిది ఆటను కూడా మెరుగుపరుస్తుంది.

స్కోర్‌షీట్:

మా జట్టులో చాలాకాలంగా స్కోరు రాసేది నేనే. కాబట్టి యాప్ విషయం ఒక్కటే మాట్లాడతాను. పూల్‌మిత్ర గారి ప్రశ్నలో అందరూ దాటిపోయిన భాగం అదే.

స్కోరు రాయడమంటే ఎవరు గెలిచారో నమోదు చేయడం మాత్రమే అనుకునేవారు చాలామంది. అమెరికన్ పూల్ ప్లేయర్స్ అసోసియేషన్, అంటే ఏపీఏ లీగుల్లో ప్రతి ఇన్నింగ్సూ (ఇద్దరికీ ఒక్కో వంతు) లెక్కించాలి, బంతి వేసే ఉద్దేశం లేకుండా ఆడిన డిఫెన్సివ్ షాట్లను విడిగా గుర్తించాలి. ఆటగాడి హ్యాండీక్యాప్ (అతని ఆట స్థాయికి ఇచ్చే అంకె) ఆ లెక్కల మీద ఆధారపడి ఉంటుంది. కోచింగ్ కోసం తీసుకునే టైమ్ అవుట్లు కూడా గుర్తుంచుకోవాలి. స్థాయి 3 లేదా అంతకంటే తక్కువ ఉన్నవారికి ఒక ర్యాక్‌లో రెండు, 4 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవారికి ఒకటి, ఒక్కోటి ఒక నిమిషం. ఒక షాట్ డిఫెన్సివ్ అవునా కాదా అన్నది ఆటగాడు ఎలా గురి చూశాడో గమనిస్తేనే తెలుస్తుంది. స్కోరు వేసే ఫోన్‌లోనే మధ్యలో ఒక సందేశం తెరిచి చదివితే, ఆ ఒక్క షాట్ తప్పిపోతుంది. అలాంటివి పోగయ్యాక, సీజన్ చివర్లో ఒక ఆటగాడి స్థాయి అతని ఆటకు సరిపోవడం లేదని అందరూ ఆశ్చర్యపోతారు.

అందుకని నేను పాటించే పద్ధతి చెబుతాను. మ్యాచ్ మొదలయ్యే ముందు ఫోన్‌ను డు నాట్ డిస్టర్బ్‌లో పెడతాను. సైలెంట్ ఒక్కటే చాలదు, ఎందుకంటే తెర మీద సందేశం కనిపిస్తే కళ్లు వాటంతట అవే అటు వెళతాయి. వెలుతురు తగ్గిస్తాను. ఆడుతున్నవారి చూపు వరసలో కూర్చోను. ఫోన్‌ను ఎప్పుడూ టేబుల్ అంచు మీద పెట్టను. అక్కడ వైబ్రేషన్ వస్తే ఆ సన్నని శబ్దం చెక్కలోంచి ఆడేవారి చేతికి తెలుస్తుంది. షాట్ జరుగుతున్నప్పుడు తెరను తాకను. బంతులు ఆగాకే నమోదు చేస్తాను. ప్రతి ర్యాక్ ముగిశాక ఎదుటి జట్టులో స్కోరు రాసేవారికి నా తెర చూపించి, వారి లెక్కతో సరిపోల్చుకుంటాను. దీనివల్ల ఒక అదనపు లాభం ఉంది: ఆ ఫోన్‌లో స్కోరు తప్ప మరేమీ లేదని అందరికీ కనిపిస్తుంది, అనుమానం దానంతట అదే పోతుంది.

వీలైతే ఆ సమయంలో ఆడుతున్నవారు స్కోరు రాయకూడదు. జట్టులో మరొకరికి అప్పగించండి. కుర్చీలోని ఆటగాడి చేతిలో ఫోన్ ఉండాల్సిన కారణమే అప్పుడు ఉండదు.

సమయం గురించి కూడా ఒక లెక్క చెప్పాలి. ఒక మ్యాచ్‌లో ఇద్దరూ కలిపి 60 సార్లు టేబుల్ దగ్గరకు వస్తారనుకుందాం. తన వంతు వచ్చిందని గమనించి, సందేశం ముగించి, క్యూ తీసుకుని లేవడానికి ప్రతిసారీ 10 సెకన్లు అదనంగా పడితే, ఒక మ్యాచ్‌కు 10 నిమిషాలు. రాత్రికి ఐదు మ్యాచ్‌లుంటే 50 నిమిషాలు. చివరి మ్యాచ్ ఆడేవారు అర్ధరాత్రి దాకా ఎదురుచూడటానికి కారణం చాలాసార్లు నెమ్మదిగా ఆడేవారు కాదు, నెమ్మదిగా లేచేవారు. వృత్తి ఆటగాళ్లకు షాట్ క్లాక్ ఉన్నప్పుడు డబ్ల్యూపీఏ నిబంధనల ప్రకారం ఒక్కో షాట్‌కు 35 సెకన్లే ఇస్తారు. లీగుల్లో గడియారం లేదు కాబట్టి ఎదుటివారి సమయాన్ని మనమే గౌరవించాలి.

లీగ్ నిర్వహణ:

చిన్న లీగ్ ఒకటి నడిపిస్తున్నాను కాబట్టి, దీన్ని అమలు చేయడం గురించి చెబుతాను. ఫోన్ల మీద ఫిర్యాదులు వచ్చినప్పుడు నిర్వాహకులకు ఎదురయ్యే కష్టం ఏమిటంటే, ఏది తప్పో ముందుగా రాసి ఉండదు. రాయని నియమానికి శిక్ష వేయలేం. వేస్తే శిక్ష పడినవారికి అది అన్యాయంగా కనిపిస్తుంది, అది సహజం.

ఇతర క్రీడలు దీన్ని ఎంత కఠినంగా తీసుకున్నాయో చూడండి. 2003లో ప్లోవ్‌దివ్‌లో జరిగిన యూరోపియన్ టీమ్ చెస్ ఛాంపియన్‌షిప్‌లో, అప్పటి ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) ప్రపంచ విజేత రుస్లాన్ పొనమరియోవ్ ఫోన్ ఆట మధ్యలో మోగినందుకు ఆయన ఆ ఆటనే కోల్పోయారు. చెస్‌కు అంత కాఠిన్యం అవసరమే. అక్కడ ఫోన్ కంప్యూటర్ సహాయానికి దారి కాగలదు, పైగా ఆ నియమం ఆటగాళ్లందరికీ ముందే తెలుసు. పూల్ లీగ్‌లో అలాంటి శిక్ష నాకు సమ్మతం కాదు. ఫోన్ మోగితే ర్యాక్ పోయిందంటే, ఆ రాత్రి ఆట కంటే ఫోన్ల మీదే అందరి కళ్లూ ఉంటాయి. మేము మెట్లు మెట్లుగా వెళతాం: మొదటిసారి కెప్టెన్ల ద్వారా మాట, రెండోసారి స్కోరు పత్రం మీద రాసే హెచ్చరిక, మూడోసారి బాల్ ఇన్ హ్యాండ్. మూడోది అమలు చేయాల్సిన అవసరం దాదాపు రాలేదు, మొదటి మాటతోనే చాలామంది సర్దుకుంటారు.

ఆడేవారు షాట్‌కు వంగి ఉండగా ఫోన్ మోగితే, వారు లేచి మళ్లీ సిద్ధం కావచ్చు, ఎవరూ తొందరపెట్టకూడదు. షాట్ జరిగిపోతే అది జరిగినట్టే, మళ్లీ ఆడే అవకాశం ఇవ్వం. ఇది కొందరికి కఠినంగా అనిపిస్తుందని తెలుసు. కానీ శబ్దం క్యూ కదలక ముందు వచ్చిందా, తర్వాత వచ్చిందా అని తేల్చే మార్గం మా దగ్గర లేదు. తేల్చలేని దాని మీద నియమం పెడితే ప్రతి తప్పిన షాట్‌కూ ఏదో ఒక శబ్దం దొరుకుతుంది.

పిలుపు రాగలవారి విషయం సులభం. మ్యాచ్‌కు ముందే ఇద్దరు కెప్టెన్లకూ, ప్రత్యర్థికీ చెప్పాలి. వైబ్రేషన్‌లో ఉన్న ఫోన్‌ను తన జట్టువారి చేతికి ఇవ్వాలి. పిలుపు వస్తే ఆ జట్టువారు షాట్ ముగిశాక చెబుతారు, ఆటగాడు అనుమతి తీసుకుని బయటకు వెళ్లి మాట్లాడవచ్చు. నిజమైన అత్యవసరానికి అభ్యంతరం చెప్పిన ప్రత్యర్థిని నేను ఇంతవరకూ చూడలేదు.

ఒక్క విషయంలో మాత్రం మొదటిసారే కఠినంగా ఉంటాం. టేబుల్ మీది బంతుల ఫొటో తీసి బయటివారికి పంపి సలహా అడగడం, లేదా జట్టువారు సందేశం ద్వారా షాట్ చెప్పడం. టైమ్ అవుట్‌కు లెక్క ఉన్న లీగ్‌లో అది దొంగచాటు కోచింగే. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడాన్ని కూడా మేము ఒప్పుకోం. ప్రత్యర్థి చెప్పే పాకెట్ పేరు, సేఫ్టీ అన్న మాట వినబడాలి కదా.

వారాంతపు ఆటగాడు:

పాత స్థానం గురించి నల్లబంతి గారు రాసినది చదివాక నా అభిప్రాయం కొంత మారింది. ఆ కోణంలో నేను ఆలోచించలేదు. ఆటగాడు కుర్చీలో ఉన్నంతసేపూ ఫోన్ జట్టువారి దగ్గర ఉంచడానికి నాకు అభ్యంతరం లేదు. ర్యాక్‌కూ ర్యాక్‌కూ మధ్య, బంతులు పేర్చే సమయంలో చూసుకునే స్వేచ్ఛ మాత్రం ఉండాలి. ఒక సందేహం కూడా ఉంది. ఫోన్ కెమెరాతో షాట్‌ను నెమ్మదిగా చూసి ఫౌల్ తేల్చవచ్చు కదా? అప్పుడు ఫోన్ ఆటకు మేలే చేస్తుంది.

నల్లబంతి:

మీ లీగ్ నియమం ఒప్పుకుంటే తప్ప వద్దు. ఒక జట్టు తమకు అనుకూలమైన షాట్లనే తీస్తుంది, కెమెరా కోణం మోసం చేస్తుంది, ప్రతి దగ్గర షాట్‌కూ ఆట ఆగిపోతుంది. అంతకంటే ఇద్దరికీ సమ్మతమైన మూడో వ్యక్తిని షాట్‌కు ముందే పిలిచి నిలబెట్టుకోవడం మేలు. ఫోన్ నిజంగా పనికొచ్చే చోటు ఒకటి ఉంది. బంతి కుషన్‌కు ఆనుకుని ఉందా లేదా అని చూడటానికి టార్చి వెలుతురు బాగా ఉపయోగపడుతుంది. ఆనుకుని ఉందని షాట్‌కు ముందే ప్రకటించకపోతే ఆనుకోనట్టే లెక్క కాబట్టి, ఇద్దరూ కలిసి వెలుతురులో చూసి చెప్పుకోవడం మంచిది. మ్యాచ్‌ను ప్రత్యక్ష ప్రసారం చేయదలచినవారు ముందే ఇద్దరు ఆటగాళ్ల అనుమతీ తీసుకుని, ఫ్లాష్ ఆపి, స్టాండ్‌ను ఏ పాకెట్‌కూ ఎదురుగా లేకుండా పెట్టాలి.

పూల్‌మిత్ర:

అందరికీ కృతజ్ఞతలు. మీ సలహాల ఆధారంగా వచ్చే కెప్టెన్ల సమావేశంలో పెట్టడానికి ఇలా రాశాను, సరిచూడండి:

"ర్యాక్ నడుస్తున్నంతసేపు ఆడుతున్న ఇద్దరి ఫోన్లూ సైలెంట్‌లో, వారి జట్టు సభ్యుల దగ్గర ఉండాలి. కుర్చీలో ఉన్న ఆటగాడు ప్రతి షాట్‌నూ గమనించాలి. స్కోరు వేసే ఫోన్‌ను స్కోరుకు మాత్రమే వాడాలి, ప్రతి ర్యాక్ తర్వాత రెండు జట్లూ లెక్క సరిచూసుకోవాలి. అత్యవసర పిలుపు ఉండగలవారు మ్యాచ్‌కు ముందే తెలియజేయాలి. మొదటిసారి మాట, రెండోసారి రాతపూర్వక హెచ్చరిక, మూడోసారి బాల్ ఇన్ హ్యాండ్."

లీగ్ నిర్వహణ:

బాగుంది. రెండు మార్పులు సూచిస్తాను. హెచ్చరికలు ఆ రాత్రికి మాత్రమేనా, సీజన్ మొత్తానికా అన్నది రాయండి. మేము ఆ రాత్రికే పరిమితం చేశాం. అలాగే ప్రేక్షకుల్లో ఉన్న జట్టు సభ్యుల ఫోన్ మోగినా ఆ హెచ్చరిక జట్టుకే చెందుతుందని చేర్చండి. మీ రెండో సంఘటనలో మోగిన ఫోన్ ఎవరిదో తేలలేదు కదా, అలాంటప్పుడు ఏ జట్టు వైపు నుంచి వచ్చిందో కెప్టెన్లిద్దరూ ఒప్పుకుంటేనే హెచ్చరిక నమోదు చేయాలి. ఒప్పుకోకపోతే ఇద్దరూ తమ జట్లకు మరోసారి చెప్పి ఆట కొనసాగించాలి.